పెదవి దాటిన మాట

ట్యూరిన్
1914 జనవరి 18

ఒత్తావియా అక్కకి,

బతికే ఉన్నాను, గుండెలు బాదుకోకు. పేపర్లో వేసింది నిజమే, పో నదిలో పడింది నేనే. మిల్లు గోడ మీంచి తోశారు. నీళ్ళలో మంచుపలకలు తేలుతున్నాయి. "తోసినట్టు నటిస్తే చాలదా?" అని అడిగితే, "నటిస్తే కెమెరా కనిపెట్టేస్తుందే పిల్లా" అన్నాడు రొమోలో. బయటికి లాగేసరికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మెడ కింద ఎముక విరిగింది. అయినా నేను మొదట అడిగింది "బాగా వచ్చిందా?" అని. సిగ్గులేనిదాన్ని కదూ!

మూడేళ్ళ క్రితం టోపీల పెట్టె మోసుకుంటూ ఈ అద్దాల కప్పు సినిమా కారఖానాలో అడుగుపెట్టాను. గుర్తుందా, ఆ రోజే మా కుట్టుపని యజమానురాలు నన్ను చెంపమీద ఛెళ్ళున కొట్టింది. నేను ఏడుస్తుంటే, బొమ్మలు తీసే పెద్దమనిషి ఒకడు పరుగున వచ్చి "అలాగే ఉండు, అలాగే ఏడువు" అన్నాడు. ఆయనే రొమోలో. అప్పటినుంచి పదకొండు బొమ్మల్లో ఏడ్చాను. ఇప్పుడు నా మొహం చాక్లెట్ కాగితాల మీద కూడా ఉంది. మన ట్రీనో వరిమళ్ళలో మోకాలి లోతు బురదలో కలుపు తీసిన జెలిందా మొహం!

ఇక్కడ ఒకటే ధర్మం. రొమోలో "చాలు" అనేదాకా కెమెరా మర తిప్పే పియెరీనో చెయ్యి ఆపకూడదు. కొంప అంటుకున్నా సరే. నిరుడు చెలికత్తె వేషం వేసిన ఒక పిల్లకి నిజంగానే జుట్టు అంటుకుంది. అది కేకలు పెడుతూ పరిగెత్తింది, పియెరీనో తిప్పుతూనే ఉన్నాడు. జనం ఆ ముక్క చూడ్డానికే ఎగబడ్డారు. ఆ పిల్ల ఇప్పుడు తలకి గుడ్డ కట్టుకుని గుండీలు కుడుతోంది.

మాటలెలాగూ వినబడవు కదా, కెమెరా ముందు నోటికొచ్చింది వాగుతాం. కొత్త బొమ్మలో నా ప్రియుడు నా ఒళ్ళో ప్రాణం విడుస్తూ ఏమన్నాడో నువ్వే చూసి చెప్పు. నీ దగ్గర మా పప్పులు ఉడకవు.

ఇక అసలు సంగతి. రొమోలో నన్ను చేసుకుంటానన్నాడు. వచ్చే నెల్లోనే చర్చిలో పెళ్ళి. మూతి ముడవకు.

నీ జెలిందా


ట్రీనో
ఫిబ్రవరి 26

జెలిందా,

చూశాను. హాలంతా ముక్కులు చీదుకుంటుంటే నేనొక్కదాన్నే పకపకా నవ్వాను. పక్కనున్న మిల్లు మేస్త్రీ పెళ్ళాం నా డొక్కలో పొడిచింది. మరేం చెయ్యను? తెర మీద అక్షరాలేమో "ప్రియా, స్వర్గంలో కలుద్దాం" అంటున్నాయి. వాడి పెదాలేమో "మోచెయ్యి తియ్యవే గాడిదా, పొట్టలో గుచ్చుకుంటోంది" అంటున్నాయి. నువ్వు కన్నీళ్ళు ధారగా కారుస్తూ "పొద్దున్నే ఉల్లిపాయలు తిని చచ్చావేంరా" అన్నావు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! నీ ఉల్లిపాయల కంపు ట్రీనో దాకా కొట్టింది.

చెవిటిపిల్లల బడిలో సన్యాసినులు మాకు నేర్పింది ఇదొక్కటే. చేతులతో మాట్లాడుకుంటే పాపమని మా చేతులు వెనక్కి విరిచి కట్టేవాళ్ళు. "పెదాలు చూడు, పెదాలు చూడు" అంటూ కణుపుల మీద బెత్తంతో కొట్టేవాళ్ళు. ఎనిమిదేళ్ళు, జెలిందా. నా చిటికెనవేలు వంకరపోయింది అక్కడే. వాళ్ళని ఛస్తే క్షమించను. కానీ నీ బొమ్మ ఆడినప్పుడల్లా ఊరందరికన్నా ఒక ఆట ఎక్కువ చూసినట్టు ఉంటుంది నాకు. అంతవరకు సంతోషమే.

పెళ్ళికి పిలవలేదు సరే. కూతలాంటి నా గొంతు మీ పెద్దవాళ్ళ మధ్య ఏం బాగుంటుందిలే. ఫోటో పంపావు, బాగుంది. నీ ఎడమ మణికట్టు మీద నాలుగు వేళ్ళ మచ్చలున్నాయి. కెమెరాలో ఎరుపు నల్లగా పడుతుందని నువ్వే ఒకసారి రాశావు. అవి ఎవరి వేళ్ళు? నాకు చెవులు లేవు గాని కళ్ళున్నాయి.

జవాబు రాయి.

ఒత్తావియా


ట్యూరిన్
మార్చి 30

ప్రియమైన ఒత్తావియాకు,

నేను క్షేమంగా ఉన్నాను. నా భర్త నన్ను ఎంతో బాగా చూసుకుంటున్నారు. ఇకమీదట నేను రాసే ఉత్తరాలూ నాకు వచ్చే ఉత్తరాలూ ఆయనే చూసి, నా రాతలో తప్పులు దిద్దుతారు. ఆయన సమయం విలువైనది కాబట్టి తరచుగా రాయవద్దని మనవి.

"ఎడారి రాణి" అనే బొమ్మ పూర్తయింది. మే నెలలో మీ ఊరికి వస్తుంది. మూడో రీలులో నన్ను స్తంభానికి కట్టేస్తారు. అక్కడ నేను చాలా బాగా చేశానని అందరూ మెచ్చుకుంటున్నారు. నీకు హాల్లో వాయించే పియానో ఎలాగూ వినబడదు కనుక నా ముఖమే చూస్తూ కూర్చో.

జెలిందా


ట్రీనో
మే 22

నా తల్లీ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. కప్పలమ్మే దొమెనికా పిన్ని శనివారం సంతకి ట్యూరిన్ వస్తోంది. ఆవిడ కప్పల బుట్ట అడుగున తడిగుడ్డల కింద పెట్టి తెచ్చి, మీ కారఖానాలో బట్టలు చూసే జెనొవేఫా చేతిలో పెడుతుంది. కప్పల కంపు కొడితే ఏమనుకోకు. ఆ కంపు చూసి నీ మొగుడు ముట్టుకోడు.

నాలుగు ఆటలు చూశాను. మొదటి ఆటకి నా కళ్ళని నేనే నమ్మలేదు. స్తంభానికి కట్టి ఉన్నావు, తెర మీద "దేవతలారా, నా ప్రజలను కాపాడండి!" అని అక్షరాలు పడ్డాయి. హాల్లో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నీ పెదాలు మాత్రం మన ట్రీనో యాసలో నాతో మాట్లాడుతున్నాయి. "అక్కా, గదిలో పెట్టి తాళం వేస్తున్నాడు. పక్కటెముకలు రెండు విరిచాడు. ముఖం మాత్రం ముట్టుకోడు, ముఖం కెమెరాది అంటాడు. వేసవిలో నన్ను ఆడసింహంతో ఒకే బోనులో పెడతానంటున్నాడు, మధ్యలో అద్దం కూడా లేకుండా. జూన్లో సాన్ జొవాన్ని పండగనాడు ఊరంతా వీధుల్లో ఉంటుంది. కిటికీలోంచి దూకేస్తాను. వచ్చి నన్ను తీసుకెళ్ళు." ఎక్కడ ఉంటావో కూడా చెప్పావు.

ఎలా చేశావే ఆ పని? వాడు కెమెరా పక్కనే నిలబడి ఉంటాడు కదా! గొంతు రాకుండా పెదాలే కదిపావా? ప్రార్థన చేస్తున్నావనుకుని మురిసిపోయాడా? హాల్లోనే భోరుమన్నాను. మిల్లు మేస్త్రీ పెళ్ళాం ఈసారి నా భుజం తట్టి "ఏడువు, ఏడువు, అంత బాగా చేసింది మీ చెల్లెలు" అంది.

వస్తాను. చోటు పేరు మాత్రం ఇక్కడ రాయను. ఈ కాగితం వాడి చేతిలో పడితే ఇద్దరం చస్తాం. నువ్వు చెప్పిన చోటే, చెప్పిన వేళకే ఉంటాను. కలుపు తీసే రోజులు, మేస్త్రీ కూలి కోస్తాడు, కొయ్యనీ. ఇది చదివి కాల్చెయ్.

అక్క


ట్యూరిన్
జూన్ 27

ఒత్తావియా,

జెనొవేఫా బట్టల చిట్టా వెనక రాస్తున్నాను. రాయడానికి ఈ ఒక్క నిమిషమే దొరికింది.

నువ్వు రాలేదు. పన్నెండు గంటల నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చున్నాను. కిటికీలోంచి దూకినప్పుడు మడమ బెణికింది, అయినా కుంటుకుంటూ ఆ మెట్లన్నీ ఎక్కాను. పైన కాపుచిన్ సన్యాసుల చర్చి గుమ్మంలో ముష్టిదానిలా కూర్చున్నాను. ఒక ముసలాయన నా ఒళ్ళో చిల్లర వేశాడు కూడా. ప్రతి నల్ల శాలువా నీదే అనుకున్నాను. చివరికి వచ్చింది రొమోలో, వెంట ఇద్దరు పోలీసులు. "పెళ్ళాన్ని మొగుడికి అప్పజెప్పడం మా విధి అమ్మా" అని టోపీ తీసి మరీ చెప్పారు.

ఇంటికొచ్చాక కెమెరా నిలబెట్టే ముక్కాలిపీట కాలు ఊడదీసి కొట్టాడు. వీపు, తొడలు, అరికాళ్ళు. లెక్కపెడుతూ కొట్టాడు, తప్పితే మొదటికొచ్చాడు. జెనొవేఫా నాకు బట్టలు తొడగలేక బయటికి పోయి వాంతి చేసుకుంది. ముఖం మాత్రం పువ్వులా ఉంది, అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది.

వచ్చే నెల పధ్నాలుగున సింహం. దాని పేరు సుల్తానా. "పారిపోయే కాళ్ళు కదా, పరిగెత్తి చూపించు" అన్నాడు.

భయపడ్డావా? కూలి పోతుందనుకున్నావా? ఎందుకు రాలేదో రాసి పిన్ని బుట్టలో పంపు. అది తెలియకుండా చావాలని లేదు.

జె.


ట్రీనో
జూలై 4

జెలిందా, నా బంగారు తల్లీ,

వచ్చానే! మధ్యాహ్నం నుంచి పోలీసులు తరిమేదాకా వంతెన మీదే నిలబడ్డాను. నువ్వన్నది "మొంతే". కొండ. నేను చదివింది "పొంతే". వంతెన. ప, బ, మ మూడూ పెదాల మీద ఒక్కటే. రెండు పెదాలూ మూసుకుంటాయి, తెరుచుకుంటాయి, అంతే. ఆ సంగతి బడిలో మొదటి ఏడే నేర్పారు, వేళకి గుర్తు రాలేదు నా మొహానికి. రైల్లోంచి వంతెన కనబడుతుంది కాబట్టి వంతెనే అనుకున్నాను. ఆ వంతెన మీంచి తలెత్తితే నీ కొండ కనబడుతుంది. తలెత్తి చూశాను కూడా! చర్చి ఎంత అందంగా ఉందో అనుకున్నాను. నా కళ్ళు పొడుచుకోవాలనిపిస్తోంది. చోటు పేరు ఒక్కసారి కాగితం మీద పెట్టి ఉంటే సరిపోయేది. పెద్ద తెలివిగలదాన్నని దాచాను.

మొన్న మళ్ళీ ట్యూరిన్ వెళ్ళి ఠాణాలో ఫిర్యాదు చేశాను. నా గొంతు విని ఒకడు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. రెండోవాడు పక్కవాడితో "మొగుడూ పెళ్ళాల గొడవ, పైగా చెవిటి మాలోకం" అన్నాడు. నాకు వినబడదనుకున్నాడు. వినబడలేదు, చదివాను. మీ ఇంటికి వెళితే వీధి తలుపు దగ్గరే నీ మొగుడి మనుషులు నన్ను మెట్ల మీంచి ఈడ్చి పారేశారు. మోకాలు చిట్లింది, అది లెక్కలోది కాదు.

నా మాట విను. సన్యాసినులు, ఫాదర్లు ఏం చెప్పినా సరే, పాపం పుణ్యం నా నెత్తిన వెయ్యి. నువ్వు బతకాలి. ఎవడు చచ్చినా సరే, నువ్వు బతకాలి.

అక్క


ట్యూరిన్, ఆసుపత్రి
జూలై 21

ఒత్తావియా అక్కకి,

నేను చెబుతుంటే జెనొవేఫా రాస్తోంది. గుమ్మం దగ్గర పోలీసు కూర్చున్నాడు, గురక పెడుతున్నాడు.

రొమోలో పోయాడు. పేపర్లో చూసే ఉంటావు. పేపరువాళ్ళు పూలు జల్లి రాశారు, ఉన్నది ఉన్నట్టు చెబుతాను విను.

గుడిలా సెట్టు వేసి చుట్టూ బోను కట్టారు. దానికి రెండు తలుపులు. వెనకది సింహానిది. కెమెరా వైపు చిన్న తలుపు నాది, అడ్డంగా ఇనప కడ్డీ. రొమోలో "చాలు" అంటే జెనొవేఫా ఆ కడ్డీ ఎత్తి నన్ను బయటికి లాగాలి. రొమోలో తుపాకీ పట్టుకుని కెమెరా పక్కన నిలబడ్డాడు. పియెరీనో ఎత్తైన బల్ల మీద మర తిప్పుతున్నాడు. సింహానికి హుషారు రావాలని బాకాలు ఊదించారు. ఆ బాకాలకి, గర్జనకి ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు.

సుల్తానాకి రెండ్రోజులుగా తిండి పెట్టలేదట, అది తర్వాత తెలిసింది. రావడం రావడమే నా మీదికి దూకింది. కుడిచేతిని మోచేతి కింద పట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు నా పళ్ళలో తెలిసింది, అక్కా. నన్ను కుక్క గుడ్డపీలికను విదిల్చినట్టు విదిల్చింది. నేను రొమోలో వైపు చూశాను. తుపాకీ భుజానికి కూడా ఎత్తలేదు. కళ్ళు మెరుస్తున్నాయి. చేత్తో పియెరీనోకి "తిప్పు, తిప్పు" అని సైగ చేస్తున్నాడు.

నేను ఏదో అరిచాను. కడ్డీ లేచింది. సింహం నన్ను వదిలి వెలుతురు వైపు పోయింది. తుపాకీ పేలింది గాని గుండు అద్దాల కప్పుకి తగిలి గాజుముక్కలు వానలా కురిశాయి. రొమోలో గొంతు దాని నోట్లో ఉంది. జనం బల్లలెక్కారు, గోడలెక్కారు. పియెరీనో మాత్రం ఏడుస్తూ తిప్పుతూనే ఉన్నాడట. "చాలు" అనవలసినవాడు అనలేదు కదా. సింహాన్ని కాపలావాడు వచ్చి కాల్చేదాకా తిప్పాడు.

నా చెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఇక బొమ్మల్లో పని లేదు.

ఇప్పుడు మేజిస్ట్రేటు అడుగుతున్నాడు, నేనేమని అరిచానని. గుర్తులేదన్నాను. భయంతో తనంతట తనే కడ్డీ ఎత్తానని జెనొవేఫా చెప్పింది. నమ్మలేదు. జూన్లో పారిపోయినదాన్ని కాబట్టి నేనే చంపించానని రొమోలో అన్నదమ్ములు కేసు పెట్టారు. నేరం రుజువైతే మా ఇద్దరికీ జైలే, బతికినంతకాలం. బొమ్మలో నా ముఖం స్పష్టంగా పడింది. పెదాలు చదవగలిగినవాళ్ళ కోసం వెతుకుతున్నారు. నీ పేరు నేను చెప్పలేదు. వాళ్ళకే తెలిసింది.

జెలిందా


ట్రీనో
ఆగస్టు 12

జెలిందా,

పిన్ని చేత పంపుతున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

ఈపాటికి నీ లాయరు చెప్పే ఉంటాడు, నిన్నూ జెనొవేఫానూ వదిలేస్తున్నారు. ఎలా వదిలారో నేను చెబుతాను.

కిటికీలకి నల్లగుడ్డలు కట్టి, గోడ మీద దుప్పటి వేలాడదీసి ఆ ముక్క ఆడించారు. నన్ను బైబిలు మీద చెయ్యి పెట్టమన్నారు. నీ చెయ్యి దాని నోట్లో నలుగుతుంటే చూశాను. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు. మూడోసారికి మేజిస్ట్రేటు దగ్గర గుమాస్తా బయటికి పోయాడు. నేను పోలేదు. పెదాలు చూడు, పెదాలు చూడు, అదే కదా నా చదువు.

ఒకే మాట అన్నావు. మేజిస్ట్రేటు నాకు కాగితం మీద రెండు మాటలు రాసి చూపించాడు. "స్పారా" అని ఒకటి, కాల్చు అని. అదైతే మొగుణ్ణి కాపాడమని వేడుకున్నట్టు. "స్బారా" అని రెండోది, కడ్డీ అని. అదైతే సింహాన్ని వాడి మీదికి వదలమని జెనొవేఫాకి చెప్పినట్టు. ఏదో ఒకటి చూపించమన్నాడు.

నేను "స్పారా" మీద వేలు పెట్టాను. "నిశ్చయంగానా?" అన్నాడు. నిశ్చయంగా అన్నాను, నా గొంతుతోనే, పైకి. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. ఇంకో రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే చెప్పాను. పెదాల మీద ఆ రెండు మాటలకీ తేడా ఉండదని అతను అడగలేదు. నేను చెప్పలేదు.

పెదాలతో తేలదు గాని కళ్ళతో తేలుతుంది. తుపాకీ ఉన్నవాణ్ణి కాల్చమని అడిగే మనిషి తుపాకీ వైపు చూస్తుంది. నువ్వు మొదట వాడి వైపు చూశావు. తర్వాత చూపు తిప్పేశావు. ఆ మాట అన్నప్పుడు చిన్న తలుపు వైపు చూస్తున్నావు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో నీ ఉత్తరం వల్ల నాకు తెలుసు, మేజిస్ట్రేటుకి పట్టలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళాను. ఫాదర్ దగ్గర మోకరిల్లి, ఏమీ చెప్పకుండా లేచి వచ్చేశాను. నిజం చెప్పానో అబద్ధమాడానో తెలియకుండా ఉంటేనే నిద్ర పడుతుందేమో. రాయాలనిపిస్తే రాయి, లేకపోతే మానెయ్.

అక్క


ట్యూరిన్
ఆగస్టు 19

అక్కా,

ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాను. వంకరటింకరగా ఉంది, ఓపికగా చదువు.

నీకు మాత్రం అబద్ధం చెప్పను. "స్బారా" అన్నాను. పారిపోదామని కాదు. అనేసి పక్కకి ఒరిగి దానికి దారి ఇచ్చాను. అది ఎవరి మీదికి పోతుందో తెలిసే ఇచ్చాను. అతను అరుస్తుంటే కళ్ళు మూసుకోలేదు. ఇప్పటికీ విచారం రావడం లేదు, వస్తుందేమోనని రోజూ చూసుకుంటున్నాను.

శనివారం వదులుతారట. ఇక్కడ నాకు ఎవరూ లేరు. ఇంత తెలిశాక నన్ను ఇంట్లోకి రానిస్తావా?

జెలిందా


ట్రీనో
ఆగస్టు 20

జెలిందా,

రా. ఇకనుంచి నీ జడ నేను వేస్తాను.

అక్క